ఎనిమిది నిమిషాల బొమ్మ

ఆ బుధవారం మందమర్రిలో మా బొగ్గు కంపెనీ క్వార్టర్లో ఉన్నది ఏడుగురం.

బాపు. పేరు కైలాసం. బొగ్గు బాయిలో నైట్ షిఫ్టు చేసి ఉదయం ఏడు యాభైకి ఇంటికి వచ్చాడు. ఎనిమిది నలభైకి లోపలి గదిలో పడుకున్నాడు.

బాపమ్మ కొమురవ్వ. బాపుకు తల్లి. కొడుకు నిద్రపోతున్నంతసేపూ విసనకర్ర పట్టుకుని ఆ గదిలోనే కూర్చుంటుంది.

అవ్వ. పేరు శ్యామల. పదిన్నరకు నన్ను వెంటబెట్టుకుని అంగడికి పోయింది. పన్నెండు నలభైకి ఇద్దరం తిరిగి వచ్చాం.

అన్న రాకేశ్. రోజంతా గడప దాటలేదు.

విజయేందర్ బావ. మేనత్త కొడుకు, హోంగార్డు. పదకొండుకు వచ్చానని తనే చెప్పాడు. మా ఇంట్లోనే తిన్నాడు. ఇంకా పోలేదు.

అవేజ్. అన్నకు దోస్తు, కంప్యూటర్లు బాగుచేస్తాడు. తొమ్మిదింబావుకు వచ్చి పదీ ఐదుకు వెళ్లిపోయాడు.

ఏడోదాన్ని నేను, జ్యోతిరాణి. జైనూర్ దగ్గర మా ఊరి బడిలో పదో తరగతి దాకా చదివి, పోయిన ఏడాది ఇంటర్ కోసం బాపమ్మతో పాటు ఇక్కడికి వచ్చాను. నలుగురిలో నోరు తెరవనని నాకు పేరు. నోట్లో మాట రాదు గానీ, ఎవరు ఎప్పుడు వచ్చారో, ఎప్పుడు పోయారో డైరీలో రాసి పెట్టుకుంటాను. పైన చెప్పిన సమయాలు అందులోవే.

మధ్యాహ్నం మూడున్నరకు అవేజ్ మళ్లీ మా ఇంట్లో ఉన్నాడు. ఈసారి వరండాలో, నేల మీద. అతని ఫోన్ బావ జేబులో ఉంది. బావ కుర్చీలో కూర్చుని కాళ్లూపుతున్నాడు. పొద్దున ఇదే కుర్చీ అవేజ్‌కు వేసి అవ్వ చాయ్ ఇచ్చింది.

“ఐదు కొట్టంగనే మామ లేస్తడు,” అన్నాడు బావ, మడిచిన కాగితం ఊపుతూ. “దీని మీద సంతకం పెడ్తడు. ఐదున్నరకు పోలీసు ఔట్‌పోస్టుల ఇచ్చేస్త. ఫికర్ చెయ్యకు రాకేశూ.”

ఆ కాగితంలో ఏముందో నేను చదివాను. అవేజ్ అనేవాడు కంప్యూటర్ బాగుచేస్తానని వచ్చి, అందులోని రెండు గ్రాఫిక్స్ కార్డుల్లో ఒకటి దొంగిలించాడని ఉంది. తిన్నాక ‘కార్డు పోయింది’ అన్నది అన్న, అవేజ్‌ను పిలిపించి కూర్చోబెట్టింది బావ.

రేపు ఉదయం ఆరింటి బస్సుకు అవేజ్ కరీంనగర్ పోవాలి. కరెంటాఫీసులో అప్రెంటిస్. చేరే రోజు పోలీస్ వెరిఫికేషన్ కాగితం చూపించాలి. పేరు మీద ఒక్క ఫిర్యాదు ఉన్నా లోపలికి రానివ్వరు. రెండేళ్లు ఎదురుచూస్తే వచ్చిన పిలుపు అది. బావ చేతిలో కాగితానికి, ఆ బస్సుకు మధ్య బాపు సంతకం ఒక్కటే ఉంది.

“కార్డు రాకేశన్నది కద,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. “సంతకం అన్న పెట్టచ్చు కద. బాపు దాక ఎందుకు?”

బావ నవ్వాడు. “అబ్బో! మరదలు నోరు తెరిచింది. ఇయ్యాల వాన పడ్తది.”

అన్న మాత్రం నవ్వలేదు. “క్వార్టర్ బాపు పేరు మీద ఉన్నది. బాపు పెడ్తెనే మంచిగుంటది,” అన్నాడు, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

నేను చెంబుతో నీళ్లు తెచ్చి అవేజ్ పక్కన కూర్చున్నాను. అతని చెల్లెలు లైబా కాలేజీలో నా పక్క బెంచీలోనే కూర్చుంటుంది. ఈ ఊళ్లో నాతో మొదట మాట్లాడిన పిల్ల.

“అవేజ్ భాయ్, కార్డు తీసినవా?”

“తియ్యలే.”

“కంప్యూటర్ మిషన్ ఇప్పినవ్ కద పొద్దుగాల?”

“ఇప్పిన. రెండు కార్డులు బయటికి తీసిన, బ్లోయర్‌తోని దుమ్ము కొట్టిన, రెండూ మళ్ల పెట్టిన. మిషన్ చాలూ జేసి, నడుస్తున్నదని చూపెట్టి పోయిన. రాకేశ్ పక్కపొంటే ఉండె.”

నేను అన్న వైపు చూశాను. అవేజ్ కూడా చూశాడు. అన్న ఫోన్ చూసుకుంటున్నాడు.

“ఇంకేమన్న చెప్పేదుందా భాయ్?”

అవేజ్ నీళ్లు తాగి చెంబు నేల మీద పెట్టాడు. “ఏం లేదు జ్యోతి. జర అమ్మీకి ఫోన్ చేసి తిను అని చెప్పు. పరేషాన్ అయితది.”

“మీ అమ్మీ నన్ను తిట్టిన తిట్లకు ఆమె కడుపు ఎప్పుడో నిండింది,” అన్నాడు బావ. “ఇల్లంత దులిపొచ్చిన. బియ్యం డబ్బ సుత ఇడ్వలే. కుట్టుమిషన్ సొరుగులు గుంజిన. ఎక్కడ దాచిండో గానీ, దొంగ సొత్తు బయటికి రాకుంట పోదు.”

అవేజ్ అమ్మీ నసీమా చాచీ ఆ కుట్టుమిషన్ మీదే నా కాలేజీ డ్రెస్సు కుట్టింది. ఆ సొరుగులు గుంజిన చేతులు ఇప్పుడు మా ఇంటి కుర్చీ మీద ఉన్నాయి.

“మన ఇల్లు దులిపినవా బావా?” అని అడిగాను.

“మొత్తం. సందు తిరిగి వెనుక నుంచి పోయి, వంటింట్ల చింతపండు కుండ దాక.”

“లోపలి గది?”

“పిచ్చి దానివా? మామ పండుకున్నడు అండ్ల.”

అది నిజమే. మా కాలనీలో ఇల్లు తగలబడినా నైట్ షిఫ్టు మనిషిని లేపరు. నిద్ర చాలని మనిషి బాయిలోకి దిగితే ఏమవుతుందో ప్రతి ఇంటికీ ఒక కథ తెలుసు. అందుకే బాపు పడుకుంటే మా ఇంట్లో గిన్నె చప్పుడు కూడా ఉండదు. ఇంత లొల్లి కూడా గుసగుసగానే నడుస్తోంది.

నేను లేచి ముందు గదిలోకి పోయాను. అన్న కంప్యూటర్ అక్కడే ఉంటుంది.

దాని పని గురించి చెప్పాలి. ఎక్కడో, ఏ దేశంలోనో యానిమేషన్ సినిమా తీస్తుంటారు. ఒక్క సెకను సినిమాకు ఇరవై నాలుగు బొమ్మలు కావాలి. వెలుగు ఎక్కడ పడుతుంది, నీడ ఎటు పోతుంది అని లెక్కగట్టి ప్రతి బొమ్మనూ గీయాలి. అన్నిటికీ వాళ్ల కంప్యూటర్లు చాలవు. అందుకని ఊరికే పడున్న వేరేవాళ్ల గ్రాఫిక్స్ కార్డులకు ఆ బొమ్మలు పంచిపెట్టి, బొమ్మకింత అని డబ్బులిచ్చే నెట్‌వర్క్ ఒకటుంది. అన్న తింటున్నా, పడుకున్నా ఇక్కడ కార్డులు ఎవరి సినిమాకో బొమ్మలు గీస్తూ ఉంటాయి. ఏ బొమ్మ ఏ కార్డు గీసింది, ఎప్పుడు మొదలుపెట్టింది, ఎప్పుడు ముగించింది అన్నదంతా బ్లాక్‌చెయిన్ అనే చిట్టాలో పడుతుంది. ఆ చిట్టా వేలమంది దగ్గర ఒకేలా ఉంటుంది. ఒకడు తన దగ్గర మార్చినా మిగతావాళ్ల దగ్గర మారదు. ఎవరైనా తెరిచి చదవొచ్చు. పోయిన నెల అన్నే నాకు తెరిచి చూపించాడు, గొప్ప కోసం.

ముందు మిషన్‌ను చూశాను. ముట్టుకోలేదు.

మందమర్రిలో పొద్దున తుడిచిన బల్ల మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. బొగ్గు దుమ్ము అట్లా పడుతుంది. పొద్దున అవేజ్ మిషన్‌కు పక్కనున్న అద్దం పలకను తడిబట్టతో మెరిసేలా తుడవడం నేను చూశాను. ఇప్పుడు దాని మీద నల్లటి పలుచని పొర ఉంది. ఆ పొర మీద నాలుగు వేళ్ల గుర్తులున్నాయి. వెనక రెండు మరల చుట్టూ పొర చెదిరిపోయి ఉంది.

దుమ్ము మీద వేళ్లు పడ్డాయి. అంటే ముందు దుమ్ము వచ్చింది, తర్వాత చెయ్యి వచ్చింది.

తర్వాత చిట్టా తెరిచాను. డైరీ పక్కన పెట్టుకుని సమయాలు ఒక్కొక్కటే రాసుకున్నాను. తొమ్మిదీ ఇరవై నుంచి తొమ్మిదీ యాభై దాకా మిషన్ బంద్. అది అవేజ్ దుమ్ము దులిపిన సమయం. తొమ్మిదీ యాభైకి మొదటి బొమ్మ మొదలైంది, యాభై నాలుగుకు అయిపోయింది. తర్వాతది యాభై ఎనిమిదికి. నాలుగు నిమిషాలకు ఒకటి చొప్పున పదకొండున్నర దాకా ఇరవై ఐదు బొమ్మలు. ఇరవై ఆరోది సగంలో ఆగింది, పదకొండు ముప్పై రెండుకు. అప్పుడు కాలనీ అంతా కరెంటు పోయింది. మేము అంగడిలో ఉండగా అక్కడ కూడా పోయింది. పన్నెండూ పద్నాలుగుకు వచ్చింది. పన్నెండూ పదహారుకు కొత్త బొమ్మ మొదలైంది.

అది ముగిసింది పన్నెండూ ఇరవై నాలుగుకు. ఎనిమిది నిమిషాలు.

తర్వాతది కూడా ఎనిమిది. దాని తర్వాతది కూడా.

ఇంత సులువైన లెక్క. బావా అన్నా ఇద్దరిలో ఒక్కడు కూడా దీన్ని తెరిచి చూడకుండానే ఒక మనిషిని నేల మీద కూర్చోబెట్టారు.

“బావా! లోపటికి రా. అన్నా, నువ్వు గూడ.”

వాళ్లు వచ్చారు. వెనక అవ్వ వచ్చింది. నేను తెర చూపించి చెప్పాను. అవేజ్ పదీ ఐదుకు పోయాడు. అతను పోయిన తర్వాత గంటన్నర సేపు నాలుగు నిమిషాలకు ఒక బొమ్మ వచ్చింది. ఒక్కో బొమ్మను రెండు కార్డులూ కలిసి గీస్తాయి, ఒక్కటే గీస్తే రెట్టింపు సేపు పడుతుంది. అంటే అప్పటిదాకా రెండు కార్డులూ ఉన్నాయి. కరెంటు పోయినప్పుడే ఒకటి పోయింది.

బావ తెర మీదికి వంగి చూశాడు. “అంత ఇంగిలీషుల ఉన్నది.”

“అంకెలు ఇంగిలీషుల ఉండయి బావా. అంకెలు సదువు.”

“ఏయ్, ఎవలతోని మాట్లాడుతున్నవ్? కంప్యూటర్‌ల ఎవడన్న ఏమన్న రాస్తడు. వాడు గా పనోడే. మార్చి ఉంటడు.”

“ఇది మార్చరాదు. అన్నను అడుగు. వేలమంది దగ్గర ఉంటది. అన్నా, చెప్పు.”

అన్న మెడ రుద్దుకున్నాడు. “మార్చుడు కష్టమే,” అన్నాడు.

బావ వేలు పైకెత్తాడు. “అయితే సరే. కరెంటు పోయినంక వాడు మళ్ల ఒచ్చిండు. వెనుక తలుపు తీసే ఉంటది కద. గట్ల ఒచ్చి, గట్లనే పోయిండు. నాకిదంత ముందే డౌటుండె.”

“ముందే ఉంటే కాయిదంల ‘పొద్దున మిషన్ ఇప్పినప్పుడు తీసిండు’ అని ఎందుకు రాసినవ్?”

“మల్ల రాస్త!”

“కరెంటు పోయినప్పుడు నువ్వు ఎక్కడున్నవ్ బావా?”

అవ్వ “జ్యోతీ” అంది, మెల్లగా.

“నన్ను అడుగుతున్నవా?” అన్నాడు బావ. “నన్ను?”

“పదకొండుకు ఒచ్చినవ్. ముప్పై రెండుకు కరెంటు పోయింది. ఇంట్ల బాపు, బాపమ్మ, అన్న, నువ్వు. అవేజ్ భాయ్‌ను అడిగినట్టే నిన్ను అడుగుతున్న. అన్నను గూడ అడుగుత. నువ్వు ఎక్కడున్నవ్?”

“వరండాల! గాలికి కూసున్న. ఫోన్ల వీడియోలు చూసిన. పక్క క్వార్టర్ హనుమండ్లు మామ గూడ నా పొంటే కూసున్నడు, పోయి అడుగు. పోలీసోన్ని అనుమానిస్తున్నవా?”

“హోంగార్డువు.”

ఆ మాట ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. బావ చెయ్యి లేచింది. అవ్వ మధ్యలోకి వచ్చింది. “పోనియ్యి విజయేందరూ, చిన్న పొల్ల. ఏయ్, నువ్వు పోయి చాయ్ పెట్టుపో.”

చాయ్ పెట్టుపో. ఇంట్లో ఒక మనిషి బతుకు పోతుంటే నాకు దొరికిన పని అది.

నేను వంటింట్లోకి పోయే దారిలో లోపలి గది ఉంది. మా క్వార్టర్ గదులు రైలు పెట్టెల్లాగా ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ముందు గది, లోపలి గది, వంటిల్లు. వెనక తలుపులోంచి ఎవడైనా వచ్చి ముందు గదిలోని మిషన్‌ను చేరాలంటే బాపమ్మ ముందునుంచే నడవాలి.

బాపమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. బాపు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను ఆమె చెవి దగ్గర కూర్చున్నాను.

“బాపమ్మా, పొద్దుగాల కరెంటు పోయినప్పుడు వెనుక నుంచి ఎవలన్న ఒచ్చిండ్రా?”

“ఎవలత్తరు బిడ్డ? పిల్లి సుత రాలే. నేను ఈడ్నే ఉంటి. ఫ్యాన్ ఆగిపోయె. నా కొడుకు లేస్తడని చెయ్యి గుంజేదాక ఇసిరిన.”

“ముందటి నుంచి?”

“మనుమడు ఒచ్చిండు. రాకేశు.”

“ఎందుకు?”

బాపమ్మ ముఖం వెలిగింది. “గా పోరనికి బాపంటే ఎంత పాణమో! ‘బాపుకు మెత్త ఎత్తు చాలత లేదు బాపమ్మా’ అని తువ్వాల మడతపెట్టి తెచ్చిండు. తల జర లేపి మెత్త కింద పెట్టిండు. ఇంత మందం, ఇటుక లెక్క.”

విసనకర్ర ఆగకుండా ఊగుతోంది.

“ఇది ఇందాక ఎందుకు చెప్పలే బాపమ్మా? బయట ఇంత లొల్లి అయితుంటే?”

“నన్నెవలన్న అడిగిరా?”

ఇంటి మొత్తంలో ఎవరూ చెయ్యి పెట్టని చోటు ఒక్కటే ఉంది. నైట్ షిఫ్టు మనిషి తల కింద. బావ చింతపండు కుండ వెతికాడు. పరాయి ఇంట్లో బియ్యం డబ్బా వెతికాడు. ఈ గది గడప తొక్కలేదు. అన్నకు ఆ సంగతి బాగా తెలుసు.

కానీ తన కార్డు తానే ఎందుకు దాచుకుంటాడు? నేను మళ్లీ ముందు గదిలోకి పోయాను. గోడ గడియారం నాలుగూ ఇరవై చూపిస్తోంది. వరండాలో బావ కొత్త కాగితం మీద రాస్తున్నాడు. తెర ముందు కూర్చుని, ఇంతకుముందు సమయాల తొందరలో వదిలేసిన వరుస చూశాను. ప్రతి బొమ్మకు ఎదురుగా, దాన్ని గీసిన కార్డులు ఎవరెవరి ఖాతావో రాసి ఉంటుంది. మొదటి కార్డు ఎదురుగా అన్న పెట్టుకున్న పేరు ఉంది. రెండో కార్డు ఎదురుగా ఉన్న పేరు వేరు.

లైబా2009.

వెనక్కి వెనక్కి పోయాను. పోయిన వారం, పోయిన నెల, ఫిబ్రవరిలో ఆ కార్డు మా ఇంటికి వచ్చిన మొదటి రోజు. అన్నిచోట్లా అదే పేరు. అవేజ్ చెల్లెలి పేరు, ఆమె పుట్టిన సంవత్సరం. అన్న ఆ రోజు “నేను కొన్న” అని ఇంట్లో అందరికీ చూపించి మిఠాయి పంచిన కార్డు అది.

వెనక చప్పుడైంది. అన్న తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. నా వేలు తెర మీద ఎక్కడుందో చూశాడు.

“అది బంద్ చెయ్యి,” అన్నాడు.

“అవేజ్ భాయ్‌ది కద కార్డు.”

“మెల్లగ మాట్లాడు.”

“ఆయన కార్డు ఆయన దొంగతనం చేసిండని రాయించినవా? సిగ్గు లేదా అన్నా నీకు?”

అన్న తలుపు దగ్గరకు వేసి నా ముందు ముక్కాలి పీట మీద కూర్చున్నాడు. “ఇను. వాళ్లది కిరాయి ఇల్లు, కరెంటు బిల్లు కట్టాలె. మీటర్ గిర్రున తిరుగుతది. మనకు కంపెనీ ఉత్తగనే కరెంటు ఇస్తది. అందుకే తెచ్చి మన మిషన్‌ల పెట్టిండు. ఇద్దరం అనుకునే చేసినం. ఇయ్యాల పొద్దుగాల ఒచ్చి, కరీంనగర్ పోతున్న, సాయంత్రం కార్డు తీస్కపోత అన్నడు. రేపటి నుంచి పెద్ద సినిమా పని మొదలైతున్నది. రెండు కార్డులున్న మిషన్‌కే ఇస్తరు. మూడు నెల్ల సంది దానికోసమే రాత్రింబవళ్లు నడిపిన. ఒక్కటే ఉంటే నా మిషన్‌ను కింది వరుసలకు తోస్తరు. ఒక్క నెల ఉంచు అని కాళ్లు మొక్కినంత పని చేసిన. ఇనలే.”

“ఆయనది ఆయన అడిగిండు.”

“కంప్లైంట్ దాక పోతదని నేననుకోలే. పోయింది అంటె ఊకుంటడు, వాడు బస్సెక్కినంక మళ్ల పెడ్దమనుకున్న. నడుమల విజయేందర్ జొచ్చిండు.”

“ఇప్పుడు పోయి చెప్పు. అవేజ్ భాయ్ ఎందుకు చెప్పలే ఇది నాదని? ఒక్క మాట అంటే అయిపోవు కద!”

అన్న నవ్వబోయాడు. రాలేదు. “ఎట్ల చెప్తడు? కంపెనీ క్వార్టర్ కరెంటు ఇంటోళ్లకే. బయటోని కార్డు నడిపిండ్రని ఎవలన్న రాస్తే కంపెనీ బాపుకు చార్జిషీటిస్తది, నౌకరికే ఎసరు. బాపుకు రిటైర్‌మెంట్ పద్నాలుగు నెల్లు. అవేజ్‌కు అంత ఎర్కే. మన బాపు కోసమే నోరు మూసుకున్నడు వాడు.” నా వైపు వేలు చూపి అన్నాడు, “వానికి లేని దూల నీకెందుకు?”

నేను లేచాను.

“ఎటు పోతున్నవ్?”

“బాపును లేపుత.”

“జ్యోతీ! పాగల్ అయినవా? ఐదు కాలే ఇంక!”

అన్న నా చెయ్యి పట్టుకున్నాడు. విదిలించుకున్నాను. ఈ ఇంట్లో ఎవరూ ఎన్నడూ చేయని పని చేయబోతున్నాను. అయినా బాపు న్యాయం తప్పడు. పోయిన ఏడాది బాయిలో తన తప్పు తానే ఒప్పుకుని మూడు రోజుల జీతం పోగొట్టుకున్న మనిషి. ఆయన చెవిన పడితే చాలు. అదే అనుకుంటూ లోపలి గదిలోకి పోయాను. బాపమ్మ “ఏయ్ ఏయ్” అంటూ విసనకర్ర అడ్డం పెట్టింది. నేను దాన్ని దాటి మంచం మీదికి వంగి, మెత్త కింద చెయ్యి పెట్టాను.

మడత పెట్టిన తువ్వాల. లోపల గట్టిగా, మూలలు తగులుతూ, ఇటుక అంత మందం.

“బాపూ,” అన్నాను.

బాపు కళ్లు తెరిచే ఉన్నాయి.

నిద్ర చెదిరిన కళ్లు కావు. గోడ మీది బల్లిని చూస్తున్నట్టు స్థిరంగా ఉన్నాయి. నా వైపు తిప్పాడు.

“కూసో,” అన్నాడు.

“బాపూ, అవేజ్ భాయ్ తియ్యలే. కార్డు ఈడ్నే...”

“ఇన్న. అంత ఇన్న.”

“ఎప్పటి సంది మేల్కొని ఉన్నవ్?”

“రాకేశ్ తల లేపినప్పటి సంది.”

అంటే కరెంటు పోయినప్పటి నుంచి. అవేజ్‌ను పిలిపించి కూర్చోబెట్టినప్పుడు మేలుకునే ఉన్నాడు. నసీమా చాచీ ఇల్లు దులిపానని బావ గొప్పలు చెప్పుకున్నప్పుడు మేలుకునే ఉన్నాడు. మేమంతా గుసగుసలాడుతూ, చెంబు కూడా చప్పుడు కాకుండా పెడుతూ కాపాడింది ఈ నిద్రనా?

“మరి లేచి చెప్పకపోతివి?”

బాపు లేచి కూర్చున్నాడు. తువ్వాల మూటను ఒళ్లోకి తీసుకున్నాడు. “ఏమని చెప్పాలె? నా మెత్త కింద దొరికిందనా? ఎవడు పెట్టిండంటే నా కొడుకు పెట్టిండనాల్నా? ఎందుకు పెట్టిండంటే అది బయటోనిదనాల్నా? విజయేందర్ నోట్ల నువ్వు గింజ నానదు. రేపు పొద్దటికల్ల బాయి మీద అందరికి ఎర్కైతది.”

“అవేజ్ భాయ్ నౌకరి పోతది బాపూ.”

“పోరడు. ఇంకోటి దొరుకుతది.”

“ఆయన నీ కోసమే కద నోరు మూసుకున్నది!”

“ఎర్కే. మంచోడు గనుకనే ఊకున్నడు.” బాపు నా తల మీద చెయ్యి పెట్టాడు. చిన్నప్పుడు పెట్టినట్టే. “నువ్వు గూడ ఊకో బిడ్డ.”

నేను తల వెనక్కి లాక్కున్నాను. “ఊకోను. ఇప్పుడే పోయి చెప్త. చిట్టా చూపెడ్త. ఔట్‌పోస్టుకు నేనే పోత.”

బాపు నన్ను చూశాడు. కోపం లేదు ఆ చూపులో. కోపం ఉన్నా బాగుండేది. మూటను మంచం కిందికి తోసి, చెప్పులు వేసుకుని, ముందు గది వైపు నడిచాడు.

“విజయేందరూ! పెన్ను తే.”

నేను ఆయన వెనక పరుగెత్తాను. బాపు గడప మీద తిరిగి, అరచేయి నా భుజం మీద ఆనించి, బియ్యం బస్తాను జరిపినట్టు నన్ను లోపలికి జరిపాడు. తలుపు మూసి, అవతలి నుంచి గొళ్లెం పెట్టాడు. “లేచినవా మామా! ఇగో, ఈడ,” అని బావ గొంతు వినిపించింది. దాని మీద అవేజ్ గొంతు, ఒక్కసారే, “సలాం చాచా” అంది.

“అవేజ్ భాయ్!” అని అరిచాను. ఈ ఇంట్లో పగటి పూట ఎవరూ అట్లా అరిచి ఉండరు. బాపమ్మ రెండు చెవులూ మూసుకుంది.

ఇంకో తలుపుంది. వంటింటి తలుపు, అక్కడి నుంచి వెనక తలుపు, అక్కడి నుంచి సందులోంచి తిరిగి వరండాకు. యాభై అడుగులు ఉండదు. మంచం కింద మూటను గుంజుకుని, రొమ్ముకు అదుముకుని పరుగెత్తాను.

వంటింటి తలుపు దగ్గర అవ్వ ఉంది. చాయ్ గిన్నె పొయ్యి మీద పొంగిపోతోంది, దించడం లేదు. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. ఎప్పటి నుంచి అక్కడ నిలబడి వింటోందో.

“అవ్వా, జరుగు.”

అవ్వ నా చేతిలోని మూట చూసింది. “పద్నాలుగు నెల్లు బిడ్డ,” అంది.

నా ముఖం చూడకుండా తలుపు వేసింది.